టైం ఖరారు కాని రైళ్లకి టికెట్: విజయవాడ నుంచి ఐఆర్‌సీటీసీ సేవ ఎలా ఉందంటే

పండగలు, పెళ్లిళ్ల సీజను, వరదలు, లైను పనులు. వీటిలో ఏది నడుస్తున్నా విజయవాడ నుంచి రైలు టికెట్ తీసేవాళ్లకి ఒకటే చిక్కు. డబ్బు కట్టే రోజుకి బండి టైం ఖాయంగా ఉండదు, ఒక్కోసారి బండి ఉందో లేదో కూడా తేలదు. ఐఆర్‌సీటీసీ సైటు, రైల్‌వన్ యాప్, స్టేషన్ కౌంటరు, రైల్వే ఎంక్వయిరీ ఫోను నంబరు 139, బండ్ల రాకపోకలు చూపించే ఎన్‌టీఈఎస్, వీటన్నిటినీ కలిపి ఒకే సేవగా లెక్కేసుకుని, అలాంటి రోజుల్లో అది ఎంతవరకు అక్కరకొస్తుందో ఇక్కడ చూద్దాం. మామూలు రోజుల్లో మామూలు బండికి టికెట్ తీయడం గురించి పెద్దగా చెప్పేదేం లేదు, అది బాగానే సాగుతోంది.

టికెట్ అమ్మడంలో ఈ సేవకి మంచి మార్కులే వెయ్యాలి. డబ్బు వాపసు విషయంలో నియమాలు తెలిసినవాళ్లకి న్యాయంగానే ఉంటుంది, తెలియనివాళ్లకి ఊరికే నష్టం. సమాచారం దగ్గర మాత్రం బాగా వెనకబడి ఉంది. కారణం సాంకేతికం. టికెట్ అమ్మే కంప్యూటరు వేరు, బండి ఎక్కడుందో చెప్పే కంప్యూటరు వేరు. మొదటిదానికి ముందుగా ఎక్కించిన టైంటేబుల్ తెలుసు. రెండోదానికి కంట్రోల్ ఆఫీసు ఇవాళ ఏం చేస్తోందో తెలుసు. ఈ రెండింటి మధ్య తేడా వచ్చిన రోజున, దాన్ని పట్టుకునే బాధ్యత ప్రయాణికుడిదే అవుతోంది.

మీ ఫోనులో ఉన్న ఈ-టికెట్ ఒకసారి తెరిచి చూడండి. పైన ఎక్కే స్టేషను, దిగే స్టేషను, వాటి కింద బయలుదేరే సమయం, చేరే సమయం ఉంటాయి. ఆ మాటల పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది, చాలామంది దాన్ని గమనించరు. కిందికి వెళ్తే దాని వివరణ దొరుకుతుంది: ఇక్కడ అచ్చయిన సమయాలు మారవచ్చు, స్టేషన్ ఎంక్వయిరీలో గానీ 139లో గానీ సరిచూసుకోండి అని. కొన్ని టికెట్ల మీద సమయం ఉండాల్సిన చోట ‘ఎన్.ఏ.’ అని మాత్రమే ఉంటుంది. అలా వచ్చినంత మాత్రాన టికెట్ చెల్లదని కాదు. బెర్తు మీదే, పీఎన్‌ఆర్ గట్టిదే. సమయం మాత్రం తర్వాత తెలుసుకోవాలి.

ఇది ఎక్కువగా ఎదురయ్యేది కొత్త టైంటేబుల్ అమల్లోకి వచ్చే ముందు. ఒకప్పుడు జూలై 1న మారేది. 2023లో అక్టోబరు 1న, 2025లో జనవరి 1న మారింది. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి, నవంబరులో సంక్రాంతికి తీసిన టికెట్ మీద పాత టైం ఉండి, ప్రయాణం నాటికి కొత్త టైం నడుస్తుండవచ్చు. బండి వెనక్కి జరిగితే స్టేషన్‌లో కాసేపు ఎక్కువ కూర్చుంటాం, అంతే. ముందుకి జరిగితేనే ముప్పు. పాత టైం నమ్ముకుని బస్టాండు వైపు నుంచి ట్రాఫిక్‌లో వచ్చేవాడికి 15 నిమిషాలు చాలు బండి పోవడానికి. అందుకని జనవరి ప్రయాణానికి టికెట్ మీది టైం చూడొద్దు. ముందు రోజు ఎన్‌టీఈఎస్‌లో బండి నంబరు కొట్టి, షెడ్యూలులో విజయవాడ ఎదురుగా ఏం ఉందో అదే చూడండి.

తేదీ లెక్క దగ్గర ఎక్కువమంది దెబ్బ తింటున్నారు, ఇది కాస్త వివరంగా చెప్పాలి. 60 రోజులనేది మీరు ఎక్కే రోజు నుంచి కాదు, బండి మొదలయ్యే స్టేషన్‌లో అది బయలుదేరే రోజు నుంచి. ప్రయాణం రోజుని అందులో కలపరు. ఉదాహరణకి చెన్నై నుంచి ఢిల్లీ వెళ్లే 12621 తమిళనాడు ఎక్స్‌ప్రెస్. అది చెన్నైలో రాత్రి బయలుదేరి విజయవాడకి తెల్లవారుజామున వస్తుంది. మీరు జనవరి 13 తెల్లవారుజామున విజయవాడలో ఎక్కాలంటే, ఆ బండి తేదీ జనవరి 12. కాబట్టి బుకింగ్ తెరిచేది నవంబరు 13 ఉదయం 8 గంటలకి, నవంబరు 14న కాదు. తత్కాల్ కూడా ఇంతే. ఏసీ తత్కాల్ జనవరి 11 ఉదయం 10కి, స్లీపర్ తత్కాల్ అదే రోజు 11కి తెరుస్తారు. 12వ తేదీన కూర్చున్నవాడికి మిగిలేది వెయిటింగ్ లిస్టే. మన ఊరు పెద్ద జంక్షను. చెన్నై నుంచి, ఢిల్లీ నుంచి, హౌరా నుంచి వచ్చే బండ్లు అర్ధరాత్రి నుంచి తెల్లారేలోపు చాలానే దాటతాయి. పినాకిని, శాతవాహన లాగా ఇక్కడే మొదలయ్యే బండ్లకి ఈ గొడవ లేదు.

ఎన్‌టీఈఎస్‌లో ‘రద్దు’ అని చూసినప్పుడూ ఇదే లెక్క గుర్తు పెట్టుకోవాలి. అక్కడ చూపించే తేదీ బండి మొదలయ్యే తేదీ. 12న రద్దయిన బండి అంటే విజయవాడకి 13 తెల్లవారుజామున రావాల్సింది రాదన్నమాట. 13వ తేదీ బండి నడుస్తోంది కదా అని ధీమాగా ఉండకూడదు.

ఇక స్పెషల్ బండ్లు. నంబరు 0తో మొదలైతే స్పెషల్. దక్షిణ మధ్య రైల్వే నడిపేవి ఎక్కువగా 07తో ఉంటాయి. వీటి ప్రకటన పండక్కి కొన్ని వారాల ముందు, ఒక్కోసారి కొద్ది రోజుల ముందు మాత్రమే వస్తుంది. ప్రకటనలో సాధారణంగా ఉండేవి: నంబరు, నడిచే తేదీలు, మొదలయ్యే చోట టైం, చేరే చోట టైం, ఆగే స్టేషన్ల పేర్లు, కోచ్‌ల రకాలు. మధ్యలో ఒక్కో స్టేషన్‌కి ఎన్నింటికి వస్తుందో చాలాసార్లు ఉండదు. విజయవాడలో ఎక్కేవాడికి కావలసింది సరిగ్గా అదే. అది తర్వాత టైంటేబుల్ సిస్టంలోకి ఎక్కుతుంది. ఆలోగా బుకింగ్ తెరిస్తే టైం తెలియకుండానే టికెట్ తీయాల్సి వస్తుంది. తీయడం తప్పు కాదు. ఆగితే సీట్లు ఉండవు. కానీ ఆ టైంని నమ్ముకుని ఇంకో టికెట్ ముడిపెట్టకూడదు.

ప్రకటనలో మొదట చూడాల్సింది టైం కాదు, దారి. హైదరాబాద్ వైపు నుంచి కోస్తాకి వచ్చే స్పెషల్ కాజీపేట, ఖమ్మం మీదుగా రావచ్చు, నల్గొండ, గుంటూరు మీదుగా రావచ్చు. రెండో దారి అయితే గుంటూరు, మంగళగిరి వాళ్లకి వరం, ఖమ్మం వాళ్లకి పనికిరాదు. కొన్ని బండ్లు విజయవాడ జంక్షన్‌లోకి రాకుండా రాయనపాడు దగ్గర ఆగి పక్క నుంచి పోతాయి. రాయనపాడు ఊరికి బయట, రాత్రి వేళ అక్కడ దిగితే ఆటో దొరకడం కష్టం. ముందుగా ఎవర్నైనా రమ్మనాలి. అటు చివర కూడా గమనించండి. హైదరాబాద్ స్పెషళ్లు చాలావరకు 2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి కొత్త టెర్మినల్ నుంచి నడుస్తున్నాయి. సికింద్రాబాద్ అనుకుని అమీర్‌పేటకి లెక్కేసుకున్న ఆటో ఖర్చు, టైం రెండూ చర్లపల్లి నుంచి మారిపోతాయి.

సైటులో వెతికేటప్పుడు ఊరి పేరు కొట్టి వదిలేయొద్దు. విజయవాడకి బీజెడ్‌ఏ, గుంటూరుకి జీఎన్‌టీ కోడ్ పెట్టి విడివిడిగా చూడండి. స్పెషల్ నంబరు తెలిస్తే ముందు ఎన్‌టీఈఎస్‌లో ఆ నంబరు కొట్టి, ఏయే స్టేషన్లలో ఆగుతుందో చూసి, ఆ జతతోనే ఐఆర్‌సీటీసీలో వెతకాలి. ఎన్‌టీఈఎస్‌లో కనిపించి ఐఆర్‌సీటీసీలో కనిపించకపోతే బుకింగ్ ఇంకా తెరవలేదని అర్థం. ప్రకటనలో తేదీ ఇచ్చి ఉంటే ఆ రోజు ఉదయం 8 గంటలకి చూడండి. ‘నాట్ అవైలబుల్’ అంటే ఆ కోటాలో బెర్తులు లేవని. ‘రిగ్రెట్’ అంటే వెయిటింగ్ లిస్టు కూడా నిండిపోయిందని. ‘ట్రెయిన్ క్యాన్సిల్డ్’ అంటే ఆ తేదీకి సిస్టంలో రద్దు పడిపోయిందని. ఈ మూడింటినీ ఒకటే అనుకుని ఆశ వదులుకునేవాళ్లున్నారు.

ఛార్జీ విషయం. స్పెషళ్లన్నీ ఒకే ధర కాదు. ప్రత్యేక ఛార్జీ బండి అయితే స్లీపర్‌లోనూ ఏసీల్లోనూ మూల ఛార్జీ మీద సుమారు 30 శాతం ఎక్కువ పడుతుంది. డబ్బు కట్టే ముందు వచ్చే ఛార్జీ వివరం తెరిచి చూస్తే తెలిసిపోతుంది. ఈ బండ్లలో చాలావాటికి ప్యాంట్రీ ఉండదు. విజయవాడలో ఎక్కేటప్పుడే తిండి, నీళ్లు చూసుకోండి.

స్పెషల్ ఎందుకంత ఆలస్యమవుతుందని అందరూ అడిగేదే. రోజూ నడిచే బండికి టైంటేబుల్‌లో తన దారి తనకుంటుంది. స్పెషల్‌కి ఆ దారి ముందుగా ఉండదు, ఉన్న బండ్ల సందులో దాన్ని పంపుతారు. పైగా ఒకే రేకు, అంటే ఒకే పెట్టెల వరస, వెళ్లి రావాలి. అటు వెళ్లిన బండి ఆలస్యంగా చేరితే, తిరుగు బండి ఆలస్యంగానే బయలుదేరుతుంది. దీన్ని వాడుకోవచ్చు. మీ స్పెషల్ నంబరుకి జత నంబరు సాధారణంగా పక్కదే ఉంటుంది, చివర 1 అయితే 2, 3 అయితే 4. మీ ప్రయాణానికి ముందు ఆ జత బండి ఎక్కడుందో ఎన్‌టీఈఎస్‌లో చూస్తే, మీది ఎన్నింటికి కదలగలదో ఒక అంచనా వస్తుంది. సైటు మీకు ‘సరైన సమయం’ అని చూపిస్తున్నా సరే, రేకు ఇంకా రాకపోతే బండి కదలదు. ప్రైవేటు యాప్‌లు వెయిటింగ్ లిస్టు పక్కన ఇచ్చే ‘కన్ఫర్మ్ అయ్యే అవకాశం’ శాతాన్ని స్పెషళ్ల విషయంలో అసలు పట్టించుకోవద్దు. ఆ లెక్క పాత ప్రయాణాల మీద కట్టేది. నిన్న పుట్టిన బండికి పాత లెక్క ఎక్కడిది?

మరి టైం తేలేదాకా ఆగాలా, ముందే తీయాలా? ముందే తీయాలి, రోజువారీ బండికే తీయాలి. వెయిటింగ్ లిస్టు వచ్చినా సరే. తర్వాత స్పెషల్ ప్రకటిస్తే దానికి తీసి, మొదటిది రద్దు చేసుకోవచ్చు. దానికయ్యే ఖర్చు ముందుగా తెలిసి ఉంటే భయం ఉండదు. వెయిటింగ్ లిస్టు లేదా ఆర్‌ఏసీ (బెర్తు ఖాయం కాకపోయినా కూర్చునే చోటు ఇచ్చే) టికెట్ రద్దుకి మనిషికి రూ.60 పోతుంది. కన్ఫర్మ్ టికెట్‌ని బాగా ముందుగా రద్దు చేస్తే స్లీపర్‌లో మనిషికి రూ.120, థర్డ్ ఏసీలో రూ.180, సెకండ్ ఏసీలో రూ.200, ఏసీ వాటికి జీఎస్‌టీ అదనం. అంటే నలుగురి కుటుంబానికి స్లీపర్ వెయిటింగ్ లిస్టు వదులుకోవడానికి రూ.240, కన్ఫర్మ్ అయినదాన్ని వదులుకోవడానికి రూ.480. ప్రయాణం దగ్గరపడే కొద్దీ ఛార్జీలో శాతం లెక్కన కోత పెరుగుతుంది కాబట్టి, స్పెషల్‌లో బెర్తు దొరికిన రోజే పాతది రద్దు చేసేయాలి. ఐఆర్‌సీటీసీ కన్వీనియన్స్ ఫీజు తిరిగి రాదు. యూపీఐతో కడితే అది స్లీపర్‌కి రూ.10, ఏసీకి రూ.20, కార్డుతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో కడితే రూ.15, రూ.30, వీటి మీద జీఎస్‌టీ. మనిషికి కాదు, టికెట్‌కి. రెండు టికెట్లు తీసి ఒకటి వదులుకునేవాడు యూపీఐ వాడితే ఆ మేరకు మిగులు.

వెయిటింగ్ లిస్టులో కూడా రకాలున్నాయి. విజయవాడలో మొదలయ్యే బండికి వచ్చేది జనరల్ లిస్టు, అది తొందరగా కదులుతుంది. ఎక్కడో మొదలై మన మీదుగా పోయే బండికి ఎక్కువగా రిమోట్ లొకేషన్ లిస్టో, పూల్డ్ కోటా లిస్టో వస్తుంది. టికెట్ మీద ఆర్‌ఎల్‌డబ్ల్యూఎల్, పీక్యూడబ్ల్యూఎల్ అని ఉంటాయి. కోటా చిన్నది కాబట్టి 10 నంబరు కూడా కదలకుండా ఉండిపోవచ్చు. ఢిల్లీ వైపు వెళ్లేవాళ్లు ఇది చూసుకుని నిర్ణయించుకోవాలి. చార్టు (ఎవరికి ఏ బెర్తో చెప్పే తుది జాబితా) పడేసరికి టికెట్‌లో అందరూ వెయిటింగ్‌లోనే ఉంటే ఈ-టికెట్ దానంతట అదే రద్దయి, రూ.60 పోను మిగతాది వెనక్కి వస్తుంది. అలాంటి టికెట్‌తో రిజర్వేషన్ పెట్టె ఎక్కకూడదు.

వికల్ప్ అనే పెట్టె టిక్ చేయమని సైటు అడుగుతుంది. మీ బండిలో బెర్తు రాకపోతే అదే దారిలో వేరే బండిలో ఇచ్చే పథకం. పనికొచ్చేదే, కానీ టైం అనుమానంగా ఉన్న రోజుల్లో ఆలోచించి పెట్టుకోండి. వేరే బండిలో బెర్తు ఇచ్చాక మీ పాత బండి ఎక్కే హక్కు పోతుంది. ఆ కొత్త బండి వద్దని రద్దు చేసుకుంటే కన్ఫర్మ్ టికెట్ రద్దు చేసినట్టే కోత పడుతుంది. వాళ్లిచ్చే జాబితాలో ఏ బండ్లున్నాయో మీరే ఎంచుకోవచ్చు. స్పెషళ్లని అందులోంచి తీసేసి, రోజువారీ బండ్లని మాత్రం ఉంచడం మంచిది.

లైను పనుల రోజులు మరో రకం. నాన్ ఇంటర్‌లాకింగ్ పనులని పేపర్లో వస్తుంటుంది. మూడో లైను కలపడానికో, యార్డు మార్చడానికో సిగ్నళ్లని కొద్ది రోజులు ఆపి చేసే పని. ఇలాంటప్పుడు ముందుగా రద్దయ్యేవి మెము, ప్యాసింజర్లు. గుంటూరులో పెద్ద బండి ఎక్కాల్సినవాళ్లు విజయవాడ నుంచి మెములో వెళ్దామనుకుంటే ఆ రోజుల్లో దాని మీద ఆధారపడొద్దు, ఆర్టీసీ బస్సు పట్టుకోండి. పెద్ద బండ్లని దారి మళ్లిస్తారు. విశాఖ వైపు మెయిన్ లైనులో పని ఉంటే విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం టౌన్, నిడదవోలు మీదుగా పంపుతారు. విజయవాడలో ఎక్కి రాజమండ్రిలో దిగేవాడికి ఆలస్యం తప్ప ఇబ్బంది లేదు. ఏలూరు, తాడేపల్లిగూడెం వాళ్లకి మాత్రం ఆ బండి అందదు. కాజీపేట లైను దెబ్బతింటే గుంటూరు, నల్గొండ మీదుగా తిప్పుతారు. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య వరదకి పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు చేసింది అదే. ఆ దారిలో ఇంకా డబ్లింగ్ పని సాగుతోంది, సింగిల్ లైను మీద ఎదురుబండ్ల కోసం ఆగుతూ పోవాలి. అలా మళ్లించిన బండికి హైదరాబాద్‌లో సాయంత్రం ఫ్లైట్ పెట్టుకోకూడదు.

ఇలాంటప్పుడు ఎక్కే స్టేషన్ మార్చుకునే సౌకర్యం చాలా అక్కరకొస్తుంది. బండి విజయవాడ రాకుండా గుంటూరు మీదుగానో, రాయనపాడు మీదుగానో పోతోందని తెలిస్తే, ఆ స్టేషన్ మీ బండి జాబితాలో ఉంటే, చార్టు పడేలోపు ఐఆర్‌సీటీసీలో బోర్డింగ్ పాయింట్ మార్చుకోండి. ఒక్కసారే కుదురుతుంది. మార్చాక పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు ఉండదు, ఛార్జీలో తేడా కూడా వెనక్కి ఇవ్వరు. చార్టు విషయంలో ఒక మార్పు గమనించాలి. ఒకప్పుడు బండి బయలుదేరడానికి 4 గంటల ముందు పడేది, 2025లో దాన్ని 8 గంటలకి, తర్వాత ఇంకా ముందుకి జరిపారు. దూరం నుంచి వచ్చే బండికి చార్టు విజయవాడ టైం చూసి కాదు, చార్టు వేసే స్టేషన్ టైం చూసి పడుతుంది. కాబట్టి ‘ఇంకా బోలెడు టైం ఉంది’ అని ఆగడానికి లేదు. ముందు రోజు మధ్యాహ్నమే మార్చుకోవాలి.

డబ్బు వాపసులో జనం ఎక్కువగా పోగొట్టుకునేది తొందరపాటు వల్ల. బండి రద్దని పేపర్లో వచ్చింది, సిస్టంలో ఇంకా పడలేదు. ఆ మధ్యలో మీరే రద్దు నొక్కితే అది మీ రద్దు కిందికి వస్తుంది, కోత పడుతుంది. ఆగండి. రైల్వే సిస్టంలో రద్దు పడగానే ఈ-టికెట్ మొత్తం డబ్బు, తత్కాల్ అయినా సరే, ఎవరూ ఏమీ నొక్కకుండానే ఖాతాలోకి వస్తుంది. కౌంటరులో తీసిన టికెట్‌కి మాత్రం ఇది వర్తించదు. బండి బయలుదేరాల్సిన టైం నుంచి 72 గంటల్లోపు కౌంటరుకి తీసుకెళ్లి ఇస్తేనే డబ్బు. పెద్దవాళ్లకి కౌంటరు టికెట్ తీసిపెట్టినవాళ్లు ఇది వాళ్లకి చెప్పి ఉంచాలి.

దారి మళ్లింపుకి, ఆలస్యానికి డబ్బు దానంతట అది రాదు, టీడీఆర్ (డబ్బు వాపసు కోసం పెట్టే దరఖాస్తు) వేయాలి. గడువులు వేరువేరు. బండి మీరు ఎక్కే స్టేషన్‌కి 3 గంటలకి మించి ఆలస్యమై, మీరు ప్రయాణం మానుకుంటే, బండి అక్కడి నుంచి నిజంగా కదిలేలోపే టీడీఆర్ పడాలి. ఇంటికి పోయి తాపీగా వేద్దామంటే కుదరదు, ప్లాట్‌ఫాం మీద ఉండగానే ఫోనులో వేసేయాలి. దారి మళ్లించడం వల్ల వెళ్లకపోతే, బయలుదేరాల్సిన టైం నుంచి 72 గంటల దాకా వేయవచ్చు. కారణం ఎంచుకునేటప్పుడు సరైనదే ఎంచుకోండి, తప్పు కారణం పెడితే తిరస్కరిస్తారు. తత్కాల్ కన్ఫర్మ్ టికెట్‌కి మామూలుగా పైసా రాదు గానీ, 3 గంటల ఆలస్యానికి, దారి మళ్లింపుకి దానికీ పూర్తి డబ్బు వస్తుంది. ఒక మెలిక ఉంది. తత్కాల్‌లో ఆలస్యాన్ని టికెట్ ఎక్కడి నుంచి తీశారో ఆ స్టేషన్‌లో లెక్కిస్తారు, మార్చుకున్న బోర్డింగ్ పాయింట్‌లో కాదు. టీడీఆర్ డబ్బు రావడానికి నెలలు పడుతుంది. ఈ సేవలో అన్నిటికంటే నెమ్మది భాగం ఇదే, దీన్ని బాగుచేయాల్సిన అవసరం చాలా ఉంది. ఆలస్యం లెక్క రైల్వే దగ్గరే ఉన్నప్పుడు ప్రయాణికుడు దరఖాస్తు పెట్టి ఎదురుచూడటం ఎందుకు?

రెండు బండ్లు మారాల్సినవాళ్లు, ఉదాహరణకి నర్సాపురం వైపు నుంచి వచ్చి విజయవాడలో చెన్నై బండి ఎక్కేవాళ్లు, రెండు పీఎన్‌ఆర్‌లని జత చేసుకోండి. 2019 ఏప్రిల్ 1 నుంచి ఈ వీలుంది. మొదటి బండి ఆలస్యం వల్ల రెండోది తప్పిపోతే, ఎక్కని టికెట్ డబ్బు కోత లేకుండా వస్తుంది. రెండు టికెట్లలో పేర్లు, వివరాలు అచ్చం ఒకటే ఉండాలి, మొదటిది దిగే స్టేషనే రెండోది ఎక్కే స్టేషన్ కావాలి.

తత్కాల్ గురించి క్లుప్తంగా. 2025 జూలై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ధ్రువీకరించిన ఖాతా ఉండాలి, అదే నెల 15 నుంచి ఓటీపీ కూడా. ఏజెంట్లకి మొదటి అరగంట బుకింగ్ లేదు. 2025 అక్టోబరు 1 నుంచి మామూలు రిజర్వేషన్‌లో కూడా తెరిచిన వెంటనే వచ్చే సమయాన్ని ఆధార్ ఖాతాలకే కేటాయించారు. మొదట 15 నిమిషాలు, తర్వాత పెంచుకుంటూ వచ్చారు. దీనివల్ల మామూలు మనిషికి మేలే జరిగింది. ఉదయం 8కి కూర్చోవాలంటే ఆధార్ పని ముందు వారమే పూర్తిచేసుకోవాలి. ప్రయాణికుల పేర్లు ఖాతాలో దాచుకునే మాస్టర్ లిస్టులో ముందే ఎక్కించుకోండి. ఒక టికెట్‌కి ఆరుగురు, తత్కాల్‌లో నలుగురు, అంతకు మించి కుదరదు.

అన్నిటికీ మించి, బుకింగ్‌లో ఇచ్చే ఫోను నంబరు. బండి రద్దు, టైం మార్పు సందేశాలు ఆ నంబరుకే వెళ్తాయి. ఏజెంటు దగ్గర తీయిస్తే చాలాసార్లు అక్కడ ఏజెంటు నంబరే ఉంటుంది, సందేశం ఆయన ఫోనులో పడి ఉండిపోతుంది. అమ్మానాన్నలకి పిల్లలు హైదరాబాద్ నుంచి టికెట్ తీస్తే సందేశం హైదరాబాద్‌లో మోగుతుంది. ప్రయాణం చేసేవాళ్ల నంబరే పెట్టండి. సందేశం రాలేదంటే మార్పు లేదని అనుకోవద్దు, అది రాకపోయిన సందర్భాలూ ఉంటాయి.

బయలుదేరే ముందు రోజు సాయంత్రం ఎన్‌టీఈఎస్‌లో మూడు జాబితాలు చూడండి: రద్దయినవి, దారి మళ్లించినవి, టైం మార్చినవి. తర్వాత పీఎన్‌ఆర్ చూసి, కోచ్, బెర్తు రాసుకోండి. ఐఆర్‌సీటీసీ రాత్రి 11.45 నుంచి 12.20 దాకా మూసి ఉంటుంది, అర్ధరాత్రి బండి వాళ్లు రద్దు గానీ టీడీఆర్ గానీ ఉంటే ఆ లోపే చూసుకోవాలి. ఇంటి నుంచి కదిలే ముందు బండి ఏ స్టేషన్ దాటిందో చూడండి. చెన్నై వైపు నుంచి వచ్చేదైతే తెనాలి, ఖమ్మం వైపు నుంచి వచ్చేదైతే కొండపల్లి, విశాఖ వైపు నుంచి వచ్చేదైతే గన్నవరం దాటాక ఇక దగ్గరే. కానీ 10 ప్లాట్‌ఫాంలున్నా రద్దీ రోజున విజయవాడ ఔటర్‌లో, కృష్ణా కెనాల్ దగ్గరో గుణదల దగ్గరో, బండి ఆగిపోవడం మామూలే. పెద్ద జంక్షన్‌కి ముందు టైంటేబుల్‌లో కొంత వెసులుబాటు కూడా ఉంటుంది కాబట్టి గంట ఆలస్యం అని చూపించే బండి అరగంట ఆలస్యంతో లోపలికి రావచ్చు. ఆలస్యం పూర్తిగా నమ్మి ఇంట్లో కూర్చోవద్దు. ప్లాట్‌ఫాం నంబరు యాప్‌లో ఒకటి చూపించినా, రద్దీ రోజున మైకులో చెప్పేదే లెక్క. ముసలివాళ్లు, సామాన్లు ఎక్కువున్నవాళ్లు ఆ ప్రకటన వచ్చేదాకా లిఫ్టు దగ్గర్లో ఉండటం మేలు.